బోను పక్క బీరువా

మొంబాసా కోర్టు, మూడో నంబరు గది.
బోను పక్క పొట్టి బీరువా.
పంతొమ్మిదేళ్లుగా దాని తాళంచెవి నా మొలకి.

పై అరలో బైబిలు.
కుడి మూల అట్ట అరిగి పీచు లేచింది.
నిజం చెప్పేవాళ్లూ చెప్పనివాళ్లూ
అక్కడే వేళ్లు ఆనిస్తారు.
కింద, ఆకుపచ్చ గుడ్డలో ఖురాను.
తీసే ముందు చేతులు కడుక్కుంటాను, ఎవరూ చెప్పలేదు.
బట్టల కొట్టు సేటు ఇచ్చిపోయిన గీత
ఏడాదికి రెండుసార్లు వెలుగు చూస్తుంది.
అన్నిటికీ అడుగున ఒక అట్టముక్క:
"నా మనస్సాక్షిగా" అని మొదలవుతుంది.
చెదలు ముందు దాన్నే పట్టాయి, ఎందుకో.

ఆదివారం నేను లికోనీ చర్చిలో
గాయక బృందం వెనక వరసలో మంద్రం అందుకుంటాను.
కళ్లు మూసుకునే పాడతాను, నిజంగానే.
సోమవారం ఫెర్రీ దిగి ఈ గదికొచ్చాక
ఏ దేవుడికీ
పక్క దేవుడికన్నా మెత్తటి కుర్చీ వెయ్యకపోవడమే
నాకు జీతమిచ్చే పని.

ఏప్రిల్ వాన.
గుమ్మం బయట గోడకి చేరగిలబడ్డ గొడుగులు.
ఎవరి గొడుగూ ఎవరూ లాక్కోలేదు,
లోపలికి తేవద్దన్నాం, అంతే.
వాటి నీళ్లన్నీ కారి ఒకటే మడుగు.
ఏ చుక్క ఎవరిదో
నా తుడుపుగుడ్డ అడగదు.

ఆవేళ కేసు, ఒక మేక.
మేక వెనక కర్రపెండలం చేను, చేను వెనక గట్టు,
గట్టు వెనక ముప్పయ్యేళ్ల పగ.
మేక గలవాడు కరీసా ముందే వచ్చి
బైబిలు మూల మీద చెయ్యేసి చెప్పిపోయాడు.
అట్టకంటిన చెమట తుడిచాను.
తర్వాత వాడి తరఫు సాక్షి, వాడి మేనత్త
కడ్జో బాయా. గిరియామా మనిషి.
డెబ్భై దాటి ఉంటాయి.

"ఏ పుస్తకం, తల్లీ?"
సంతలో చేపల తట్ట చూసినట్టు
బీరువాలోకి వంగి చూసింది.
"మా పెద్దలు మా పెరట్లో కొయ్యలై నిలబడ్డారు.
పెకలించుకు రమ్మంటావా?"

అవతలి లాయరు ఒందిము లేచాడు.
"గ్రంథం ముట్టని సాక్ష్యం ఏపాటిది, మేడమ్?"
మేజిస్ట్రేటు చెముతాయ్ కళ్లజోడు తుడుచుకుంటూ,
"మేకని ఆమె చూసిందా లేదా,
ఈ గదికి అంతవరకే కావాలి.
ఆమెని ఎవరు చూస్తున్నారన్నది
ఆమె ఇంటి సంగతి."

అట్టముక్క తీశాను. ఆమెకి చదువు రాదు.
నేనంటుంటే అంటూ వచ్చి
ఒక మాట దగ్గర ఆగింది.
"మనస్సాక్షంటే?"
నా నోట తడుముకున్నాను.
"లోపల... ఇంకో సాక్షి."
"అయితే ఇద్దరం వచ్చామన్నమాట.
దానికీ బస్సు ఛార్జీ ఇస్తారా?"

గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు.
"మేక మా కరీసాదే.
తాడు తెంచుకోలేదు.
వీడే విప్పాడు. చూశాను."

ఒందిము చేతిలో కలం జారింది,
తను ఆపబోయిన సాక్ష్యమే తనని గెలిపిస్తోంది.
కరీసా నేలకేసి చూస్తున్నాడు.
ఆమె బోను దిగి, గోనెపట్టా నెత్తికి కప్పుకుని
వానలోకి నడిచింది.
మేనల్లుడు ఆమెతో వెళ్లలేదు.
ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో
కోర్టు కాగితాల్లో ఉండదు.

సాయంత్రం బీరువా సర్దుతూ
అట్టముక్కని పై అరలో పెట్టబోయి
ఆగాను.
అదీ నా పని కాదు.
చెదలమందు కొట్టి దాని చోట దాన్నుంచాను.

గుమ్మం దగ్గర నా గొడుగు ఒక్కటే మిగిలింది.
ఫెర్రీ మీద, నీళ్ల మధ్య,
ఆదివారం పాట నోటికొచ్చింది.
మెల్లగానే పాడుకున్నాను,
పక్కన ఎవరో నిద్రపోతున్నారు.